పెద్ద జాతి కుక్కల రెస్క్యూ నడపడం: చేర్చుకునే రోజు నుంచి దత్తత దాకా

గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కల్ని రెస్క్యూ చేసి ఇంట్లోనో చిన్న షెడ్డులోనో ఉంచుకుంటున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. రోజంతా పరిగెత్తుతున్నా పని తెమలడం లేదు, ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత?

పని తెమలకపోవడానికి కారణం చాలాసార్లు ఓపిక లేకపోవడం కాదు. కుక్కను తెచ్చాక ఏర్పాట్లు మొదలుపెట్టడం. పది కిలోల కుక్క విషయంలో ఆ పొరపాటు సర్దుకుంటుంది. అరవై కిలోల కుక్క విషయంలో ఎవరో ఒకరు దెబ్బ తింటారు, మనుషులో కుక్కో. అందుకే కుక్క రాకముందు చేసే పనులతోనే మొదలుపెడుతున్నాను.

1. ముందు సంఖ్య తేల్చుకోండి

షెల్టర్లలో వాడే ఒక లెక్క ఉంది. ఒక్కో జంతువుకు రోజుకు కనీసం 15 నిమిషాలు: శుభ్రం చేయడానికి 9, తిండి పెట్టడానికి 6. ఇందులో నడక, మందులు, దువ్వడం, ఆసుపత్రి ప్రయాణాలు లేవు. పెద్ద కుక్కలకు అవన్నీ కలిపి నేను ఒక్కోదానికి రోజుకు గంట వేసుకుంటాను. రోజుకు నాలుగు గంటలు ఇవ్వగల మనిషి ఒక్కరే ఉంటే నాలుగు కుక్కలే. ఐదోది వద్దు.

తిండి లెక్క కూడా ముందే వేయండి. ఆరోగ్యంగా ఉన్న 50 కిలోల కుక్క రోజుకు సుమారు అర కిలో నుంచి 600 గ్రాముల దాకా ఎండు ఆహారం తింటుంది. అంటే నెలకు 15 నుంచి 18 కిలోలు. రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు తాగుతుంది. మందులు, మత్తు ఇచ్చే మోతాదు అన్నీ బరువును బట్టే ఉంటాయి కాబట్టి వైద్యం ఖర్చు కూడా చిన్న కుక్క ఖర్చుకు కొన్ని రెట్లు అవుతుంది.

ఎన్ని కుక్కలో తేలిన ఆ సంఖ్యను కాగితం మీద రాసి తలుపు మీద అంటించండి. "ఈ ఒక్కదాన్ని తీసుకోండి" అని ఎవరో ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు మనసు మెత్తబడుతుంది. ఆ క్షణంలో నిర్ణయం తీసుకోకూడదు. ఒకసారి నేను పరిమితి దాటి రెండు కుక్కల్ని అదనంగా తీసుకున్నాను. ఆ హడావుడిలో అప్పటికే నా దగ్గరున్న ముసలి కుక్క నీళ్లు తాగడం తగ్గించిన సంగతి రెండు రోజులు గమనించలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

2. చోటు సిద్ధం చేయడం

- కంచె కనీసం ఆరు అడుగుల ఎత్తు. తవ్వే కుక్కల కోసం అడుగున బండరాళ్లో, నేలలోకి దించిన మెష్షో ఉండాలి.
- గేట్లు రెండు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది మూశాకే రెండోది తీయాలి. కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా గేటు దగ్గరే.
- నేల జారకూడదు. నున్నటి టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరవండి. కీళ్ల నొప్పులున్న పెద్ద కుక్క ఒక్కసారి జారి పడితే మళ్లీ లేవడానికే భయపడుతుంది.
- పరుపు 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం. గట్టి నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి, నీరు చేరి వాపు వస్తుంది.
- విడిగా ఉంచడానికి ఒక గది. దానికి వేరే చీపురు, వేరే గిన్నెలు, వేరే చెప్పులు.
- వాహనం ఎక్కించడానికి ర్యాంపు.
- బరువు తూచే ప్లాట్‌ఫాం కాటా. కంటి అంచనాతో మందులు వేయకూడదు.
- రాత్రి కూడా తెరిచి ఉండే రెండు పశువైద్యశాలల నంబర్లు గోడ మీద. ఒకటి చాలదు.

బలమైన తోకను గోడలకు కొట్టుకుని చివర చీల్చుకునే కుక్కలుంటాయి, ముఖ్యంగా గ్రేట్ డేన్‌లు. ఇరుకు గదిలో ఉంచితే ఆ పుండు మానదు. వెడల్పు ఎక్కువున్న గది వాటికి ఇవ్వండి.

3. వచ్చిన మొదటి గంట

ఈ గంటలో చేయాల్సినవి తక్కువే.

మొదట రెండు పట్టీలు: ఒకటి మెడపట్టీకి, ఇంకొకటి ఛాతీకి తొడిగే హార్నెస్‌కి. బెదిరిన కుక్క వెనక్కి లాగి మెడపట్టీలోంచి తల తప్పించుకున్నా రెండోది ఆపుతుంది. ఎవరో ఒకరు పట్టుకున్నారు కదా అని ధీమా వద్దు. యాభై కిలోల కుక్క ఒక్క ఊపు ఊపితే మనిషి కింద పడతాడు.

తర్వాత మైక్రోచిప్ స్కాన్. సాధారణంగా 15 అంకెల నంబర్ వస్తుంది. భుజాల మధ్య ఒక్కచోటే చూసి వదిలేయకండి. చిప్ చర్మం కింద జరుగుతుంది, అందుకే మెడ, రెండు భుజాలు, పక్కలు నెమ్మదిగా చూడాలి. తప్పిపోయిన కుక్క అయితే యజమానిని వెతకడమే మొదటి పని. మీ ప్రాంతంలో దీనికి ఏ నిబంధన ఉందో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

ఆపైన బరువు, ఫొటోలు (రెండు పక్కలు, ముఖం, గాయాలు), చిగుళ్ల రంగు. వేలితో చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

నీళ్లు పెట్టి, గదిలో వదిలి, తలుపు మూసి బయటికి రండి.

ఈ గంటలో చాలామంది చేసే తప్పు స్నానం. మురికిగా ఉందని జాలిపడి పోస్తారు. భయంతో ఉన్న జంతువును తడిపి, పట్టుకుని, రుద్దితే మీ గురించి దాని మనసులో పడే మొదటి ముద్ర అదే అవుతుంది. ఒంటి మీద విషపూరితమైనదేదైనా అంటుకుని ఉంటే తప్ప మూడు నాలుగు రోజులు ఆగవచ్చు. చూడటానికి వచ్చే చుట్టాలు, స్నేహితులు కూడా ఆగాలి.

4. పద్నాలుగు రోజులు విడిగా

పార్వో, డిస్టెంపర్, కెన్నెల్ దగ్గు సోకిన కుక్క మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. అందుకే కనీసం 14 రోజులు మిగతా కుక్కలతో కలపకూడదు. ముక్కుకు ముక్కు కూడా తగలనివ్వకండి.

రోజూ ఈ గదికి చివర్లో వెళ్లండి. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, కొత్తదాని పని తర్వాత. ఈ ఒక్క క్రమం పాటించకపోవడం వల్లే చాలాసార్లు షెడ్డంతా జబ్బు పాకుతుంది.

పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు. 30 వంతుల నీళ్లకు ఒక వంతు ఇంటి బ్లీచ్ కలిపి, నేల మీద 10 నిమిషాలు తడిగా ఉంచాలి. అంతకుముందే మలం, మూత్రం పూర్తిగా కడిగేయాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే పని చేయదు. పైగా మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది. కుక్కను పక్కకు తీసుకెళ్లి, కడిగి, ఆరాకే తిరిగి తీసుకురండి.

ఈ రెండు వారాల్లో పూర్తి చేయాల్సినవి:

- డాక్టర్ పరీక్ష, టీకాలు, పురుగుల మందు
- పిడుదుల మందు, రక్తపరీక్ష
- హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) పరీక్ష. ఈమధ్యే సోకి ఉంటే ఇప్పుడు బయటపడదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించాలి
- గుండె చప్పుడు వినడం. డోబర్మన్, గ్రేట్ డేన్‌లలో గుండె కండరం బలహీనపడే జబ్బు ఎక్కువ
- కాలీ జాతి, దాని పోలికలున్న గొర్రెలు కాసే జాతులైతే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు వాడే ముందు డాక్టర్‌కి ఆ మాట చెప్పడం. వాటిలో కొన్నింటికి జన్యు లోపం వల్ల ఆ మందు ఎక్కువ మోతాదులో పడదు

5. ఎముకలు తేలిన కుక్కకు తిండి

ఇక్కడ ప్రేమే ప్రాణం మీదికి తెస్తుంది. చాలా రోజులు పస్తులున్న కుక్కకు కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోతాయి. గుండె లయ తప్పుతుంది. తినడం మొదలుపెట్టిన రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య, "కోలుకుంటోంది" అని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలో ఇది జరుగుతుంది.

డాక్టర్ సలహాతో ఈ పద్ధతి పాటించండి.

ముందు, కదలకుండా పడుకుని ఉంటే ఆ ఒంటికి ఎంత శక్తి కావాలో లెక్క వేయండి. ఇప్పుడున్న బరువును 30తో గుణించి 70 కలిపితే దాదాపు సరిపోయే అంకె వస్తుంది. 30 కిలోలకు దిగిపోయిన గ్రేట్ డేన్‌కు 970 కేలరీలు. ఉండాల్సిన బరువుకు లెక్క వేయకండి, ఉన్న బరువుకే వేయండి.

- మొదటి రోజు: అందులో పావు వంతు
- రెండో రోజు: సగం
- మూడో రోజు: ముప్పావు
- నాలుగో రోజు: పూర్తిగా

ప్రతి రోజు మోతాదునూ నాలుగు నుంచి ఆరు సార్లుగా పంచి పెట్టాలి. మరీ నీరసంగా ఉన్నదానికి డాక్టర్ ఈ నాలుగు రోజుల్ని వారం పది రోజులకు పొడిగిస్తారు. వణుకు, నిలబడలేకపోవడం, ఊపిరి వేగంగా తీయడం కనిపిస్తే తిండి ఆపి వెంటనే ఫోన్ చేయండి.

ఇంకా కావాలని కుక్క మీ కళ్లలోకి చూస్తుంది. గిన్నె నాకుతూనే ఉంటుంది. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన నాలుగు రోజులు ఇవే. తిండి పెట్టే మనిషిని ఒక్కరినే పెట్టండి. జాలితో ఇంకొకరు రహస్యంగా బిస్కెట్లు పెడితే లెక్క మొత్తం తప్పుతుంది.

పెద్ద జాతి పిల్లలు వస్తే ఎముకలు గట్టిపడాలని కాల్షియం పొడి కలపకండి. ఎక్కువైన కాల్షియాన్ని వాటి ఒళ్లు వదిలించుకోలేదు, ఎముకలు వంకర తిరుగుతాయి. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన ఆహారం చాలు. ఏడాదిన్నర, రెండేళ్లు నిండేదాకా వాటిని మెట్లు ఎక్కించి దించడం, దూకించడం, దూరం పరిగెత్తించడం వద్దు.

6. రోజు క్రమం

సమయాలు మీ వీలును బట్టి మార్చుకోండి. వరుస మాత్రం మార్చకండి.

పొద్దున్న అన్నిటికన్నా ముందు ప్రతి కుక్కనూ తలుపు బయట నుంచే ఒక నిమిషం చూడండి. లేచిందా, ఏ కాలైనా కుంటుతోందా, రాత్రి వాంతి చేసుకుందా, పొట్ట ఎలా ఉంది? మీరు లోపలికి అడుగుపెట్టగానే అది సంతోషంతో తోక ఊపుతూ నొప్పి దాచేస్తుంది. ఆ నిమిషం మళ్లీ దొరకదు.

తర్వాత మల విసర్జనకు బయటికి, ఒక్కొక్కటిగా. నడక కావాల్సినవాటికి నడక. వెనక్కి వచ్చాక కనీసం గంట విశ్రాంతి, ఆ తర్వాతే తిండి. తిన్నాక మళ్లీ గంటకు పైగా ఆటలు, పరుగులు లేవు. ఈ ఖాళీ సమయంలోనే మీరు గదులు కడుగుతారు.

తిండి ఒక్కోదానికి విడిగా, తలుపులు మూసి. 15 నిమిషాల తర్వాత గిన్నెలు తీసేయండి. ఎంత మిగిల్చిందో రాయండి. మందులు ఇచ్చినవాళ్లు అప్పుడే చార్టులో సంతకం పెట్టాలి. "తర్వాత రాస్తాను" అంటే ఇంకొకరు వచ్చి రెండోసారి వేస్తారు.

మధ్యాహ్నం ఎండ వేళ నడక వద్దు. పెద్ద ఒళ్లు త్వరగా చల్లబడదు. శరీరం వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ. నీళ్లతో తడుపుతూ, ఫ్యాన్ పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సమయాన్ని దువ్వడానికి, గోళ్లు కత్తిరించడానికి, మూతికి చిక్కం అలవాటు చేయడానికి వాడుకోండి. బుట్టలా ఉండే చిక్కం అయితే కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. నోరు బిగించి కట్టే గుడ్డ చిక్కం నిమిషాల పనికే. ఏ గొడవా లేని రోజుల్లో, అందులో తాయిలం పెట్టి తినిపిస్తూ నేర్పాలి. దెబ్బ తగిలిన రోజు మొదటిసారి తొడిగితే ఒప్పుకోదు.

సాయంత్రం మళ్లీ అదే వరుస.

రాత్రి పడుకునే ముందు మళ్లీ ఒక చుట్టు తిరగండి. నిద్రలో ఉన్న కుక్క ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 కన్నా ఎక్కువగా రోజూ కనిపిస్తుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. పొట్ట మీద చేయి వేసి చూడండి. ఎందుకో కింద రాశాను.

7. పొట్ట ఉబ్బి మెలిపడటం

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి, తనలో తాను మెలి తిరుగుతుంది. రక్త ప్రసరణ ఆగిపోతుంది. గంటల్లో ప్రాణం పోతుంది. మెలిపడ్డాక ఆపరేషన్ ఒక్కటే దారి.

మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ, ఒక్క పూట వచ్చేవాళ్లకు కూడా, ఈ గుర్తులు నోటికి రావాలి:

- డోకుతుంది, ఏమీ బయటికి రాదు. వస్తే కాస్త నురగ మాత్రమే
- కుదురుగా ఉండదు. పడుకుంటుంది, లేస్తుంది, పొట్ట వైపు చూస్తుంది
- చొంగ ధారగా కారుతుంది
- పక్కటెముకల వెనక పొట్ట బిగుసుకుని, తడితే డప్పులా మోగుతుంది. దట్టమైన బొచ్చున్నవాటిలో ఇది కంటికి ఆనకపోవచ్చు
- చిగుళ్లు పాలిపోతాయి, నిలబడలేదు

మొదటి గుర్తుకే బయలుదేరండి. మిగతావి కనబడేదాకా ఆగకండి. అరుగుదల మందు వేసి చూద్దాం అనుకోవద్దు. దారిలో ఉండగానే ఫోన్ చేసి "పొట్ట మెలిపడిందేమో, వస్తున్నాం" అని చెప్పండి. ఎక్స్‌రే తీసి తేల్చుకునే పని వాళ్లది.

ముందు జాగ్రత్తగా రోజు తిండిని రెండు మూడు సార్లుగా పంచండి. గబగబా మింగేవాటికి మిట్టపల్లాలున్న గిన్నె వాడండి. గిన్నెను ఎత్తు మీద పెడితే ఈ జబ్బు రాదని చాలామంది నమ్ముతారు, దానికి ఆధారం లేదు. స్టెరిలైజేషన్ చేసే రోజే జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కుట్టించమని డాక్టర్‌తో మాట్లాడండి. కుట్టినా ఉబ్బు రావచ్చు కానీ మెలిపడటం చాలావరకు ఆగుతుంది. గ్రేట్ డేన్ నా దగ్గరికి వస్తే నేను ఈ కుట్టు వేయించకుండా దత్తత ఇవ్వను.

8. కుక్కల్ని కలపడం, కొట్లాట ఆపడం

రెండు వారాలు గడిచాక, కొత్త కుక్కనూ పాతదాన్నీ బయట ఖాళీ చోట, ఇద్దరు మనుషులు, దూరంగా ఒకే దిశలో నడిపించండి. ఎదురెదురుగా కాదు. పట్టీలు వదులుగా ఉండాలి. ఒక్కో రోజు దూరం కాస్త తగ్గించండి. ఒళ్లు బిగుసుకోవడం, కళ్లార్పకుండా చూడటం కనిపిస్తే ఆ రోజుకు చాలు.

తిండి, బొమ్మలు, పరుపులు ఉన్నచోట కలపకండి. బాగా చిన్న కుక్కతో పెద్దదాన్ని ఒంటరిగా ఎప్పుడూ వదలకండి, ఎంత సాధువైనా సరే.

కొట్లాట మొదలైతే మధ్యలో చేతులు పెట్టొద్దు, మెడపట్టీ పట్టొద్దు. ప్రతి ఆవరణలో ఒక ప్లైవుడ్ పలక ఉంచండి, మధ్యలోకి తోయడానికి. ఇద్దరుంటే ఒకేసారి చెరొక కుక్క వెనక కాళ్లు పట్టి వెనక్కి నడవాలి. ఒక్కరే ఉంటే ఒకదాన్ని పట్టీతో స్తంభానికి కట్టి, రెండోదాన్ని లాగాలి. ఆపాక వెంట్రుకల కింద ఒళ్లంతా వెతకండి. పైకి చిన్న గాటులా ఉన్నా లోపల కండ చీలి ఉండొచ్చు.

9. ముసలివి, లేవలేనివి

రెస్క్యూకి వచ్చే పెద్ద కుక్కల్లో ముసలివి చాలా ఉంటాయి. గ్రేట్ డేన్ ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు, కాబట్టి ఆరేళ్లకే దాన్ని పెద్ద వయసుదిగా చూసుకోవాలి.

ఒక్కరే ఎత్తకండి. ఒకరు ఛాతీ కింద, ఒకరు తొడల కింద, మోకాళ్లు వంచి, ఒకేసారి. కదల్లేనిదాన్ని దుప్పటి మీదికి జరిపి నాలుగు మూలలూ పట్టుకోండి. వెనక కాళ్లు బలహీనమైతే పొట్ట కింద పెద్ద తువ్వాలు వేసి ఆసరాగా నడిపించవచ్చు. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, తల దగ్గరున్నవాళ్లు ముందుగా చిక్కం తొడగాలి.

మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ కాలేయానికి హాని. కుక్కల కోసం తయారైన నొప్పి మందులున్నాయి, డాక్టర్ ఇస్తారు.

లేవలేనిదాన్ని రోజుకు చాలాసార్లు పక్క మార్చాలి, కింద తడి లేకుండా చూడాలి. రోజూ క్యాలెండర్ మీద ఒక గుర్తు పెట్టండి: ఈ రోజు దానికి మంచి రోజా, కాదా? తిన్నదా, తోక ఊపిందా, నొప్పి లేకుండా నిద్రపోయిందా? చెడ్డ రోజులు ఎక్కువవుతుంటే డాక్టర్‌తో కూర్చుని ఆఖరి నిర్ణయం మాట్లాడండి. రోజుల లెక్క కాగితం మీద ఉంటే ఆ మాట వాయిదా వేయకుండా ఉంటారు. ఆ సమయంలో దాని తల దగ్గర తెలిసిన మనిషి ఉండాలి. నేను ప్రతిసారీ ఉంటాను.

10. దత్తత

కుక్క కొత్త చోట కుదురుకోవడానికి స్థూలంగా మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటారు: బెరుకు తగ్గడానికి, దినచర్య అలవాటు కావడానికి, ఇల్లు తనదనుకోవడానికి. మూడు వారాలు దాటకముందు మీకు కనిపించే స్వభావం అసలు స్వభావం కాకపోవచ్చు. అందుకే నేను నెల నిండకుండా దత్తతకు పెట్టను.

దత్తత అడిగినవాళ్లతో మాట్లాడేటప్పుడు చూడాల్సినవి:

- ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? అద్దె ఇల్లయితే యజమాని రాసి ఇచ్చారా?
- కుక్కను పట్టుకోగల మనుషులు ఎంతమంది?
- పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు ఉన్నారా? ప్రేమతో ఒరుసుకున్నా 60 కిలోల కుక్క వాళ్లను పడేస్తుంది
- రాత్రి అత్యవసరమైతే ఏ వాహనంలో తీసుకెళ్తారు?
- ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది?

మీరే ఇంటికి వెళ్లి కంచె చూడండి. రెండు వారాలు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా పెంచడానికి ఇచ్చి, ఆ తర్వాత కాగితాల మీద సంతకాలు. ఎప్పుడు, ఏ కారణంతో వద్దనుకున్నా కుక్క మీ దగ్గరికే తిరిగి రావాలన్న షరతు అందులో తప్పక ఉండాలి. దాని కోసం ఒక గది ఖాళీగా ఉంచుకోవాలి కాబట్టి, మొదట్లో రాసుకున్న సంఖ్యలోంచి ఒకటి తగ్గించుకోండి.

కుక్కతోపాటు ఇవ్వాల్సినవి: టీకా, పరీక్షల కాగితాలు, వారానికి సరిపడా అలవాటైన తిండి, ఉతకని పాత దుప్పటి, పొట్ట మెలిపడే గుర్తులు రాసిన కాగితం, మీ ఫోన్ నంబర్. మైక్రోచిప్ వివరాలు కొత్తవాళ్ల పేరు మీదికి అక్కడే కూర్చుని మార్పించండి. ఇంటికెళ్లాక మారుస్తామన్నవాళ్లు మరిచిపోతారు.

మొదటి రాత్రి, మూడో రోజు, వారానికి, నెలకు మీరే ఫోన్ చేయండి. వాళ్లు చేస్తారని ఎదురుచూడకండి. సిగ్గుపడి చెప్పని ఇబ్బంది ఏదో ఉంటుంది. "రాత్రి అరుస్తోందా? తిండి దగ్గర గుర్రుమంటోందా?" అని పేరు పెట్టి అడిగితే చెబుతారు, అప్పుడు సర్దిచెప్పడానికి వీలుంటుంది.

ఖాళీ అయిన గదిని కడిగి, బ్లీచ్ పెట్టి, పరుపు ఎండలో వేసి, రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. మీరు కూడా ఆ రోజుల్లో కాస్త నిద్రపోండి. తలుపు మీది సంఖ్య చూసుకున్నాకే తర్వాతి కుక్క గురించి మాట్లాడండి.